సీసా చేతికొచ్చాక ఏం చేయాలో ఎవరు చెబుతారు?

ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి ఒక ఫార్మసిస్టు బహిరంగ లేఖ

మంత్రి గారూ,

పల్నాడులో ఒక చిన్న ఊరి మందుల షాపులో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. ఈ ఉత్తరం ఇన్సులిన్ దొరకడం లేదని కాదు, ధర ఎక్కువైందనీ కాదు. దొరికిన ఇన్సులిన్ కౌంటరు దాటి మనిషి ఒంట్లోకి చేరే దాకా ఉన్న దారి గురించి. డాక్టరు చీటీ రాస్తారు, మేం సీసా ఇస్తాం. ఎక్కడ దాచాలి, ఏ సిరంజితో తీయాలి, ఒంట్లో ఎక్కడ పొడవాలి, పొడిచిన సూదిని ఏం చేయాలి అన్నవి ఎవరో ఒకరు చెబుతారులే అనుకుంటాం. ఆ ఎవరో ఒకరు చాలామంది రోగులకు ఇంతవరకూ తారసపడలేదు.

మా ప్రాంతపు ఎండ మీకు చెప్పనక్కర్లేదు. ఎండాకాలం వచ్చిందంటే రెంటచింతల పేరు పేపర్లో కనపడుతూనే ఉంటుంది. ఆ ఎండలో జనం నెలకు సరిపడా సీసాలు క్యారీబ్యాగులో వేసుకుని మిట్టమధ్యాహ్నం బస్సెక్కుతారు. ఒకసారి ఒక పెద్దాయన నా దగ్గర రెండు సీసాలు తీసుకుని, ఎదురుగా ఉన్న సోడా కొట్లో ఐసుముక్కలు అడిగి, కవర్లో సీసాల మీద పోయించుకున్నాడు. "చల్లగా ఉండాలన్నారు కదయ్యా" అంటూ కవరుకి ముడివేయబోతుంటే ఆపాను. ఆయన చేసింది నిర్లక్ష్యం కాదు. ఎవరో చెప్పిన సగం మాటను శ్రద్ధగా పాటిస్తున్నాడు. ఎండ తగిలితే ఇన్సులిన్ బలం మెల్లమెల్లగా తగ్గుతుంది. గడ్డకడితే మాత్రం ఇక అది మందే కాదు. కరిగాక పైకి మామూలుగానే కనిపించినా వాడకూడదు. ఆ రెండో సగం ఆయనకెవరూ చెప్పలేదు.

మందును చల్లగా ఉంచుతూనే గడ్డకట్టకుండా చూసే విద్య మీ శాఖకు కొత్త కాదు. పసిపిల్లల టీకాల దగ్గర ఏఎన్ఎంలు ఎంత జాగ్రత్తగా ఉంటారో చూస్తుంటాను. పీహెచ్‌సీలో టీకాల ఫ్రిజ్ ఉష్ణోగ్రతను రోజుకు రెండుసార్లు రాయాలి. ఫ్రీజర్లోంచి తీసిన ఐస్ ప్యాకును నేరుగా టీకా పెట్టెలో పెట్టరు. కాసేపు బయట ఉంచి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపించాకే పెడతారు. టీకా గడ్డకట్టకూడదని ఆ జాగ్రత్త. టీకా సీసా మీద చిన్న గుర్తు కూడా ఉంటుంది. వేడి తగిలేకొద్దీ అందులోని చదరం రంగు ముదురుతుంది, చూడగానే పనికొస్తుందో రాదో తేలిపోతుంది.

ఇన్సులిన్ సీసా మీద అలాంటి చదరం లేదు. మందు చెడితే ఆ సంగతి రోగి రక్తమే చెప్పాలి. షుగరు పెరుగుతుంది. పథ్యం చేయడం లేదని ఇంట్లో వాళ్లు కసురుతారు, డాక్టరు దగ్గరికి వెళితే డోసు పెంచుతారు. తర్వాత కొత్త సీసా తెరుస్తారు. అందులో మందు బాగానే ఉంటుంది, పెంచిన డోసు అలాగే ఉంటుంది. ఆ రాత్రి చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడి మనిషి పడిపోతాడు. షుగరు ఎక్కువై ఆసుపత్రికి వెళ్లిన మనిషి నెల తిరక్కుండానే షుగరు పడిపోయి 108 ఎక్కడం వెనక ఎండలో మగ్గిన సీసా ఉండొచ్చని ఎవరికీ తట్టదు.

దాచడం అంత కష్టమైన పనేం కాదు, ఎవరైనా కూర్చోబెట్టి చెబితే. తెరవని సీసాలు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేవి ఒంటి తలుపు ఫ్రిజ్‌లు. వాటిలో ఐసు గది కిందనే ఉన్న ట్రేలో పెట్టినా, వెనక గోడకు ఆనించి పెట్టినా గడ్డకట్టే ప్రమాదం ఉంది. నడిమి అరలో, ఒక డబ్బాలో పెట్టుకోవాలి. వాడుతున్న సీసాను, ఇన్సులిన్ పెన్నును నీడపట్టున గదిలోనే ఉంచుకోవచ్చు. గది వేడి 30 డిగ్రీలు మించనంత వరకు చాలా రకాలు నాలుగు వారాలు ఆగుతాయి. కొన్ని అంతకంటే ఎక్కువ రోజులు ఆగుతాయి, ఆ గడువు పెట్టెలోని కాగితం మీద ఉంటుంది. ఆ కాగితం మడత విప్పి చూడండి. చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాలు. బడికి వెళ్లని అరవై ఏళ్ల మనిషికి అది ఏం చెబుతుంది? సీసా మూత తీసిన తేదీని దాని మీదే పెన్నుతో రాసుకోండని నేను అందరికీ చెబుతాను. రాయడం రాని వాళ్లకు నేనే రాసిస్తాను.

ఫ్రిజ్ లేని ఇళ్లున్నాయి. ఉన్నచోట కూడా మేలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. వాళ్లకు ఇన్సులిన్ పెట్టుకునే యోగం లేదని చెప్పాల్సిన పనిలేదు. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ దింపి, సీసాను తడి తగలకుండా డబ్బాలో పెట్టి ఆ చిన్న కుండలో ఉంచి మూతపెట్టాలి. గాలి ఆడే నీడలో పెట్టి ఇసుకను తడుపుతూ ఉంటే లోపల బయటికంటే బాగా చల్లగా ఉంటుంది. పల్నాడు, రాయలసీమ పొడి ఎండకు ఇది బాగా పనిచేస్తుంది. సముద్రపు గాలితో ఉక్కపోసే మచిలీపట్నం, కాకినాడ వైపు నీరు తొందరగా ఆవిరి కాదు కాబట్టి అంత చల్లదనం రాదు. అక్కడ పీహెచ్‌సీ ఫ్రిజ్‌లో పేరు రాసి దాచుకునే వీలు కల్పించడమే మేలు. 2023లో కాక్రేన్ సంస్థ ఇన్సులిన్ నిల్వపై జరిగిన పరిశోధనలన్నిటినీ ఒకచోట చేర్చి సమీక్షించింది. తెరవని మానవ ఇన్సులిన్‌లో కొన్ని రకాలు 25 డిగ్రీల్లో ఆరు నెలల వరకు, 37 డిగ్రీల్లో రెండు నెలల వరకు చెప్పుకోదగ్గ బలం కోల్పోవని అందులో తేలింది. ఎండలో వదిలేయమని దీని అర్థం కాదు. ఫ్రిజ్ లేదన్న ఒక్క కారణంతో మందు మానేసే వాళ్లకు, ఊళ్లో ఉన్న వనరులతో దారి చూపించవచ్చని అర్థం.

సిరంజి గొడవ దీనికంటే ప్రమాదకరమైనది. మన దేశంలో ఇన్సులిన్ సీసాలు రెండు బలాల్లో దొరుకుతాయి. ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లున్నవి ఒక రకం, 100 యూనిట్లున్నవి ఇంకో రకం. మొదటిదానికి ఎర్ర మూత సిరంజి, రెండోదానికి నారింజ మూత సిరంజి వాడాలి. ఇంట్లో రెండూ కలిసిపోతే ఏమవుతుందో లెక్కేయండి. డాక్టరు 20 యూనిట్లు వేసుకోమన్నారు. వంద బలం సీసాలోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా తీస్తే ఒంట్లోకి 50 యూనిట్లు వెళతాయి. తిరగేసి జరిగితే 8 యూనిట్లే వెళతాయి. ఒకటి మనిషిని స్పృహ తప్పిస్తుంది, రెండోది మెల్లగా కళ్లనూ కిడ్నీలనూ తింటుంది. ఒక ఆసుపత్రిలో ఒక బలం రాసి, షాపులో ఇంకో బలం ఇచ్చి, పాత సిరంజి ఇంట్లో ఉంటే ఈ తప్పు జరగడానికి ఎవరి నిర్లక్ష్యమూ అక్కర్లేదు. సీసా మారిన ప్రతిసారీ సిరంజి మూత రంగు చూపించి చెప్పాలన్న కచ్చితమైన నియమం ఉండాలి.

నా షాపు వెనక చిన్న గది ఉంది. మిరపకోతలకు వెళ్లే ఒకామె అక్కడ చీర కొంగు కాస్త పక్కకు జరిపి పొట్ట చూపించింది. బొడ్డుకు కుడివైపున నిమ్మకాయంత గట్టి ముద్ద. "అక్కడ పొడిస్తే నొప్పి తెలీదు తమ్ముడూ, అందుకే రోజూ అక్కడే" అంది. నొప్పి తెలియకపోవడానికి కారణం ఆ చోట కొవ్వు గట్టిపడి మొద్దుబారడమే. అక్కడ వేసిన మందు ఒకరోజు ఎక్కుతుంది, ఒకరోజు ఎక్కదు. షుగరు పైకీ కిందికీ ఊగుతుంది. రోజూ ఒక వేలెడు పక్కకు జరుపుకుంటూ పొట్ట, తొడలు మార్చి మార్చి వేసుకుంటే ఈ ముద్దలు రావు. అయితే ముద్ద వదిలి మంచి చర్మంలో వేయడం మొదలుపెట్టిన రోజు నుంచి మందు పూర్తిగా ఎక్కుతుంది కాబట్టి డాక్టరును అడిగి డోసు తగ్గించుకోవాల్సి రావచ్చు. చోటు మార్చుకో అని మాత్రమే చెప్పి పంపితే ఆమెను ఇంకో ప్రమాదంలోకి తోసినట్టే. అందుకే ఆమెకు డాక్టరు పేరు మీద చీటీ రాసిచ్చి పంపాను.

పెన్ను వాడేవాళ్లకు ఇంకొన్ని జాగ్రత్తలున్నాయి. ప్రతిసారీ ముందు రెండు యూనిట్లు గాల్లోకి వదిలి చుక్క వస్తుందో లేదో చూడాలి. పొడిచి బటన్ నొక్కాక పది అంకెలు లెక్కపెట్టి సూది తీయాలి. ఇంట్లో భార్యాభర్తలిద్దరికీ షుగరున్నా ఒకే పెన్ను ఇద్దరూ వాడకూడదు. సూది మార్చినా సరే, వెనక్కి వచ్చిన రక్తం లోపలి మందులో కలిసే అవకాశం ఉంది. తెల్లగా మబ్బుగా ఉండే ఇన్సులిన్‌ను అరచేతుల మధ్య మెల్లగా దొర్లించి, తలకిందులు చేస్తూ కలపాలి, దడదడా ఊపకూడదు. దొర్లించాక కూడా గడ్డలు తేలినా, సీసా గోడకు రవ్వలు అంటుకున్నా పారేయాలి.

ఇంట్లో సూది మందంటే ఇన్సులిన్ ఒక్కటే కాదు. రక్తం గడ్డకట్టకుండా కొందరు గర్భిణులు పొట్టకు రోజూ వేసుకునే ఇంజెక్షన్‌ను ఫ్రిజ్‌లో పెట్టనక్కర్లేదు. కిడ్నీ రోగులకు రక్తం పట్టడానికి ఇచ్చే ఎరిత్రోపోయిటిన్‌ను ఫ్రిజ్‌లోనే ఉంచాలి, ఊపకూడదు. ఒక్కోదానికి ఒక్కో పద్ధతి. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో ఎన్ని ఇళ్లకు ఈ రెండో మందుతో పనిపడుతుందో మీ శాఖకు నాకంటే బాగా తెలుసు.

ఇక వాడిన సూదుల సంగతి. దీని గురించి రాయకుండా ఉండలేను, ఎందుకంటే ఇందులో దెబ్బ తగిలేది రోగికి కాదు, చెత్త ఎత్తే మనిషికి. ఆసుపత్రిలో వాడిన సూది, గుచ్చినా చిల్లుపడని తెల్ల డబ్బాలోకి వెళ్లాలని 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నియమాలు చెబుతున్నాయి. అదే సూది ఇంట్లో వాడితే కూరగాయల తొక్కలతో కలిసి చెత్తబండిలో పడుతోంది. నిజానికి 2016లోనే వచ్చిన ఘన వ్యర్థాల నియమాలు ఇళ్లలో వాడిన సూదులు, సిరంజిలను ప్రమాదకర వ్యర్థాలుగా గుర్తించాయి. వాటిని తీసుకోవడానికి స్థానిక సంస్థలు 20 చదరపు కిలోమీటర్లకు ఒక కేంద్రం పెట్టాలనీ రాశాయి. చేత్తో చెత్త వేరుచేసే కార్మికురాలికి ఆ సూది గుచ్చుకుంటే హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్ఐవీ భయం పట్టుకుంటుంది. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తంలో కూడా వారం రోజులు బతకగలదు. గుచ్చుకున్న వెంటనే పిండకుండా సబ్బు నీళ్లతో కడుక్కుని, 72 గంటలు దాటకుండా, వీలైతే గంటల్లోనే ఆసుపత్రికి వెళ్లి మందు మొదలుపెట్టాలని ఆమెకు ఎవరు చెబుతున్నారు?

నేను మా దగ్గరికి వచ్చేవాళ్లకు చెప్పే ఉపాయం ఇది. గట్టి ప్లాస్టిక్ డబ్బా, బట్టల సబ్బు ద్రావణం డబ్బాలాంటిది తీసుకోండి, మంచినీళ్ల సీసా వద్దు. సూదికి మూత తిరిగి పెట్టే ప్రయత్నం చేయకుండా నేరుగా అందులో వేయండి. ముప్పావు నిండాక మూత బిగించి టేపు చుట్టండి. ఇంతవరకు జనం చేస్తున్నారు. ఆ తర్వాత "ఈ డబ్బా ఎక్కడివ్వాలి?" అని అడుగుతారు. అక్కడ నాకు జవాబు లేదు. ఆ జవాబు మీరివ్వాలి.

ఫార్మసిస్టు రోగికి మందు వాడకం వివరించాలని 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ చెబుతున్నాయి. ఈ బాధ్యత మాది కాదని నేను అనను. కానీ షాపులో జనం తోసుకుంటుంటే ఆ వివరణ "జాగ్రత్తగా వాడుకోండమ్మా" దగ్గర ఆగిపోతోంది. సూది మందు మొదటిసారి తీసుకునే ప్రతి మనిషికీ, ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా ప్రైవేటు షాపులోనైనా, పది నిమిషాలు కూర్చోబెట్టి అతని చేతనే సిరంజి పట్టించి నేర్పాలి. నేర్పినట్టు చీటీ మీద సంతకం ఉండాలి. పెద్దక్షరాల తెలుగులో, బొమ్మలతో ఒక అట్ట ప్రతి సీసాతోనూ వెళ్లాలి. షుగరు పడిపోతే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలనీ, స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలనీ అందులో మొదటి బొమ్మగా ఉండాలి. ఊరి హెల్త్ క్లినిక్‌లు టేపు చుట్టిన సూదుల డబ్బాలను తీసుకుని తమ సూదులతో పాటే పంపాలి. టీకాల చల్లదనం కాపాడటం తెలిసిన ఏఎన్ఎంలు ఇళ్లకు వెళ్లినప్పుడు ఫ్రిజ్ తలుపు తీసి సీసా ఏ అరలో ఉందో ఒక్కసారి చూస్తే చాలు.

వీటిలో పెద్ద ఖర్చయ్యేది ఏదీ లేదు. ముందుగా ఒక్క మండలంలో మొదలుపెట్టండి. రెంటచింతల అయితే ఎండకు పరీక్ష కూడా అవుతుంది. ఆ అట్ట మీద రాయాల్సిన మాటలు నేను రాసిస్తాను, మా ప్రాంత ఫార్మసిస్టుల్లో ఆదివారాలు వచ్చి నేర్పడానికి సిద్ధంగా ఉన్నవాళ్లూ ఉన్నారు. మార్చి రాకముందే ఆదేశం వస్తే ఈ ఎండాకాలానికే పని మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
పల్నాడు జిల్లా నుంచి ఒక రిజిస్టర్డ్ ఫార్మసిస్టు