దసరాకి ముందు ఒకటి, దసరా తర్వాత ఒకటి: మన గుట్టల ఆదివారాల గురించి



పోస్ట్ కొంచెం పెద్దగనే ఉంటది. రాత్రి మెస్‌లో తిన్నంక తీరిగ్గ చదవండి. మధ్యలో ఆపేసి "సూపర్ అన్న" అని కామెంట్ పెట్టొద్దు, పూర్తిగ చదివి తిట్టినా పర్వాలేదు.

శంషాబాద్ చుట్టుపక్కల హాస్టళ్ళల్ల ఉండే మనోళ్ళం కలిసి పోయినేడు అవుటింగ్ క్లబ్ అని ఒకటి మొదలుపెట్టినం గదా. గుట్టలెక్కుడు, చెరువుల దిక్కు నడుసుడు, నెలకోసారి ఏదన్న సేవా కార్యక్రమం. ఈ ఏడు వానలు వెలిసినంక, అంటే వినాయక నిమజ్జనం నుంచి దీపావళి దాకా, ఏం చేద్దామని గ్రూపులో నెల రోజుల నుంచి మాటలు నడుస్తున్నయి. సగం మంది "ఇంకా పెద్దగ చేద్దాం, టీషర్టులు కొట్టిద్దాం" అంటున్నరు. ఇంకో సగం మంది, ముఖ్యంగ సీనియర్ అన్నలు, "గుట్టలు మనకి కొత్తనా? గొర్లు, మేకలు కాసుకుంట వాటి మీదనే పెరిగినం. ఇక్కడికి వచ్చింది చదువుకోనీకి, కానిస్టేబుల్‌కో గ్రూప్-4కో ప్రిపేర్ కానీకి" అంటున్నరు. రెండు మాటల మీదా మా అభిప్రాయం చెప్పాలనే ఇది రాస్తున్నం.

సీనియర్ అన్నల మాట తప్పు కాదు. మన ఇండ్లల్ల అడవికి పోవుడు అంటే పని. ఇప్పపువ్వు, తునికాకు, కట్టెలు, తేనె. అడవికి "సరదాగ" పోయినం అని అమ్మకి ఫోన్‌లో చెప్తే, "పనేం లేదా బిడ్డా" అన్నది. ఆ మాటకి మా దగ్గర జవాబు లేకుండె. ఇంకో సంగతి కూడా ఉన్నది. మన ఊర్లల్ల అదే అడవిలో కట్టె తెచ్చుకుంటే గొడ్డలి గుంజుకుంటరు, పోడు చేస్తే కేసు పెడతరు. అటవీ హక్కుల చట్టం 2006లోనే వచ్చింది, అయినా పట్టా కోసం మన పెద్దోళ్ళు ఎన్నేండ్లు తిరిగిన్రో మనకు ఎరుకే. పట్నం నుంచి వచ్చినోళ్ళు టికెట్ కొనుక్కొని, బూట్లేసుకొని అదే అడవిలో ఫొటోలు దిగి పోతరు. కాబట్టి ట్రెక్కింగ్ అనే మాట వింటే మనలో కొందరికి ఒళ్ళు మండుడు సహజమే.

అయినా క్లబ్ ఉండాలనే మేము అంటున్నం. ఎందుకో చెప్తం.

పోయినేడు దసరా సెలవులకి మా హాస్టల్ నుంచి ఫస్టియర్ తమ్ముళ్ళు అందరూ ఇంటికి పోయిన్రు. అందులో ముగ్గురు తిరిగి రాలే. ఒకడు ఫోనే ఎత్తలే. ఒకడు "పత్తి ఏరేది ఉంది అన్నా, అయిపోగానే వస్త" అన్నడు, సంక్రాంతి దాటినా రాలే. మూడోవాడు నిజం చెప్పిండు: "అక్కడ నాకు ఎవ్వరు తెల్వదన్నా. క్లాసులో ఇంగ్లీషు అర్థం కాదు, రూములో ఎవడి ఫోన్ వాడిదే. ఇంటికాడ్నే మంచిగుంది." ఈ తమ్ముడు మూడు నెలలు శంషాబాద్‌లో ఉన్నడు. హాస్టల్, కాలేజీ, జిరాక్స్ సెంటర్ తప్ప ఏం చూడలే. తల మీద నుంచి పది నిమిషాలకొక విమానం పోతుండె, అదొక్కటే చూసిండు.

దసరా సెలవులే మనకి అసలు పరీక్ష. పత్తి చేతికొచ్చేది అప్పుడే, ఇంట్లో చేతులు కావాల్సింది అప్పుడే, "చదివి ఏం చేస్తవు రా" అనే మామలు ఇంటికి వచ్చేది అప్పుడే. ఆ టైముకి ఆ పిల్లగానికి హాస్టల్‌లో నలుగురు దోస్తులు ఉంటే, "సెలవులైనంక ఆదివారం మనం ఫలానా దిక్కు పోవాలి, నువ్వు అన్నం వండే బ్యాచ్‌లో ఉన్నవు" అని ఒక పని ఉంటే, తిరిగి బస్సెక్కే అవకాశం ఎక్కువ. అంతకన్నా పెద్ద మాటలు మేము చెప్పం. క్లబ్ పెట్టినంత మాత్రాన డ్రాపౌట్లు ఆగుతయని కూడా అనం. కానీ దసరాకి ముందు ఒక అవుటింగ్, దసరా అయినంక వారంలోపల ఒక అవుటింగ్, ఈ రెండూ ఫస్టియర్ వాళ్ళ కోసమే ఉండాలి. మిగిలినవన్నీ తర్వాత సంగతి.

తేదీల గురించి గ్రూపులో పెట్టిన లిస్టు చూసినం. కార్తీకంలో నాలుగు ఆదివారాలు వరసగ పెట్టిన్రు. రాసిన తమ్ముడు ఫంక్షన్ హాళ్ళ సంగతి మర్చిపోయినట్టున్నడు. శంషాబాద్ రోడ్డు పొడుగునా ఉన్న హాళ్ళల్ల కార్తీకం ముహూర్తాలు మొదలైతే మనోళ్ళల్ల సగం మంది క్యాటరింగ్‌లో ఉంటరు. ఒక్క రోజు వడ్డిస్తే వచ్చే పైసలతో నెల రోజుల ఖర్చు వెళ్తది. ఆ పైసలు వదులుకొని గుట్టెక్కమని ఎవర్నీ అడగలేం, అడగొద్దు కూడా. భాద్రపదంలో పెండ్లిళ్ళు ఉండయి. మన సీజన్ అదే. వాన పడితే పడనియ్యి.

ఇంక ఎక్కడికి పోవాలనే సంగతి. పోయినేడు మొదటి అవుటింగ్‌లో ఏమైందో వచ్చినోళ్ళకి గుర్తే ఉంటది, రానోళ్ళ కోసం చెప్తం. ఎయిర్‌పోర్ట్ దాటినంక ఒక రాళ్ళ గుట్ట ఉంది. ఫొటోలు చూసి పోయినం, ముప్పై మందికి పైనే. సగం మందికి చెప్పులే. కింద ప్రహరీ గోడ, గేటు, గేటు కాడ ఒక వాచ్‌మెన్ తాత. లోపలికి పోవద్దన్నడు, వెంచర్ చేసిన్రంట. మేము అడుగుతుండంగనే నాలుగు కార్లల్ల పట్నం వాళ్ళు వచ్చిన్రు, టోపీలు, బూట్లు, గేటు తీసిండు. మనోళ్ళకి కోపం వచ్చింది, ఒకరిద్దరు గట్టిగనే అరిచిన్రు. తాత మెల్లగ గోర్మాటిలో అడిగిండు, మీది ఏ తండా అని. తర్వాత చెప్పిండు, వాళ్ళు వారం కిందనే ఓనర్‌ని అడిగి కాగితం తెచ్చుకున్నరు, మీకు తీస్తే నా నౌకరీ పోతది బిడ్డా అని. మేము ఇంకేం మాట్లాడలే. రోడ్డు పక్కన చింతచెట్టు కింద కూసొని పులిహోర తిని వచ్చినం.

ఆ రోజు మేము కాగితం ఎందుకు తీసుకోలే? గుట్టకి ఓనర్ ఉంటడని మాకు తట్టలే, అంతే. ఊర్ల గుట్టకి ఓనర్ ఉండడు. ఇక్కడ 2008లో ఎయిర్‌పోర్ట్ మొదలైనంక ప్రతి ఎకరానికీ ఒక రేటు, ప్రతి రాయికీ ఒక గోడ. ఈ గుండ్లు ఇన్ని కోట్ల ఏండ్ల నాటివని పుస్తకాల్లో చదువుతం, సుమారు 250 కోట్ల ఏండ్లు అంటరు. అవి కంకరగ మారనీకి నెల చాలు. హైదరాబాద్‌లో 1996 నుంచి రాళ్ళని కాపాడాలని ఒక సంస్థ పని చేస్తున్నది, సొసైటీ టు సేవ్ రాక్స్. వాళ్ళు జనాన్ని రాళ్ళ దగ్గరికి నడిపించుకొని పోతరు. ముందు మనుషులు చూడాలి, చూస్తేనే అడుగుతరు అనేది వాళ్ళ పద్ధతి. పట్నం వాళ్ళ పని అని తీసెయ్యకుండ ఈ ఒక్కటి మనం నేర్చుకోవాలె. కాగితం రాసుడు కూడా నేర్చుకోవాలె.

మన పిల్లలకి ఇవి చేతకావు అనేటోళ్ళకి మలావత్ పూర్ణ పేరు చెప్తే చాలు. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల, మన గురుకులంల చదివిన పిల్ల. భువనగిరి కోట బండ మీద తాడు పట్టుకొని మొదలుపెట్టి 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి పద్నాలుగేండ్లు కూడా నిండలే. వెంట ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్ ఉన్నడు. అయితే ఒక మాట. ప్రతి మీటింగ్‌లో పూర్ణ పేరు చెప్పి చప్పట్లు కొట్టించుడు అయితున్నది, కానీ పూర్ణకి దొరికింది ట్రైనింగ్, కోచ్, తిండి, బూట్లు. ఆమె ఒక్కతే గాల్లకెల్లి ఎగిరి ఎక్కలే. మనకి ఎవరెస్టు అక్కర్లేదు, ఒక పాత తాడు, ఒక ఫస్ట్ ఎయిడ్ డబ్బా, తెలిసినోళ్ళు ఒకరు ఉంటే భువనగిరి చాలు.

ఈ ఏడు మొదటి అవుటింగ్ హిమాయత్ సాగర్ కట్ట అని మా ప్రతిపాదన. గేటు గొడవ లేదు, దగ్గర, ఖర్చు లేదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద పట్నాన్ని ముంచినంక, మళ్ళా అట్ల కావొద్దని కట్టిన రెండు చెరువుల్లో ఇది ఒకటి. ఉస్మాన్ సాగర్ 1920లో, ఇది 1927లో అయింది. ఈ రెండు చెరువుల కోసమే 1996లో 111 జీవో తెచ్చి 84 ఊర్లల్ల కట్టడాల మీద ఆంక్షలు పెట్టిన్రు, శంషాబాద్ మండలం ఊర్లు కూడా అందులో ఉన్నయి. చెరువు పక్కన కట్టొద్దు అనే మాట ఎందుకు వచ్చిందో 2020 అక్టోబర్‌ల గగన్‌పహాడ్ కాడ అప్ప చెరువు తెగినప్పుడు అందరూ చూసిన్రు. హైవే మీద పోయే మనుషులు కొట్టుకపోయిన్రు. మనం రోజూ బస్సులో పోయేది ఆ రోడ్డు మీద్నే.

సేవా కార్యక్రమాల సంగతి కొంచెం కటువుగ రాస్తం, ఏమనుకోవద్దు. హాస్టల్‌లో పెరిగిన మనందరికీ ఆదివారం వాలంటీర్లు ఎరుకే. ఒకే రంగు టీషర్టులు, బ్యానరు, బ్యాగులో బుక్కులో పంచుడు, వరసగ నిలబెట్టి ఫొటో, రెండు గంటలల్ల పోవుడు. బ్యాగు పనికొచ్చింది, కాదనం. కానీ మళ్ళీ వాళ్ళు రాలే, మన పేరు ఒక్కరికీ గుర్తు లేదు. ఇప్పుడు మనం టీషర్టులు కొట్టించుకొని పక్క తండాకి పోయి అదే పని చేస్తే ఏమంటరు? టీషర్టుల పైసలు ఫస్టెయిడ్ డబ్బాకి పెట్టండి. ఎన్‌ఎస్‌ఎస్‌లో ఉన్నోళ్ళకి ఏడాదికి 120 గంటల పని ఎట్లాగూ ఉన్నది, ఆ గంటలు ఇక్కడ రాసుకోవచ్చు, ప్రోగ్రాం ఆఫీసర్ సార్‌ని ముందే అడగాలి.

ఆదిలాబాద్ తమ్ముళ్ళు హైమెన్‌డార్ఫ్ కథ చెప్తరు. కొమురం భీం పోరాటం తర్వాత నిజాం సర్కారు పంపిన పరాయి దేశపు మనిషి, మార్లవాయిలో గోండుల మధ్యనే ఉండి, గోండు పిల్లలకి గోండు టీచర్లనే తయారు చేసే కేంద్రం పెట్టించిండు. ఆయన చేసినవన్నీ సరైనవేనా అనే చర్చ వేరే. కానీ వచ్చినోడు ఉన్నడు, భాష నేర్చుకున్నడు. మనకైతే భాష కొత్తగ నేర్చుకునే పనే లేదు. ఎయిర్‌పోర్ట్ చుట్టూ పనులకి వచ్చిన మనోళ్ళ పిల్లలు ఉన్నరు, గోర్మాటి మాట్లాడే పిల్లలకి టీచర్ చెప్పే తెలుగు సగం అర్థం కాదు. నెలకి రెండు ఆదివారాలు, అదే ఇద్దరు ముగ్గురు అక్కలు, అన్నలు, ఏడాది పొడుగునా పోతే అది పని. పది మంది ఒకసారి పోతే అది ఫొటో.

చెత్త ఏరే కార్యక్రమం మాత్రం పెట్టాలి. నిమజ్జనం అయిన వారానికి చెరువు ఒడ్డు ఎట్లుంటదో చూసిన్రు గదా. ఇక్కడ దానికి ఇంకో కారణం కూడా ఉంది. విమానాశ్రయానికి పది కిలోమీటర్ల లోపల చెత్త పడెయ్యొద్దని 1937 నాటి విమాన నియమాల్లోనే ఉన్నది, చెత్త ఉంటే గద్దలు వస్తయి, గద్ద విమానానికి తగిలితే ప్రమాదం. కాబట్టి ఏరుడుతో ఆపకుండ, ఎక్కడెక్కడ కుప్పలు పోస్తున్నరో ఫొటో, తేదీ, జాగ రాసి మున్సిపాలిటీలో కాగితం ఇద్దాం. రసీదు తీసుకుందాం. పోయినేడు నేర్చుకున్నది ఇదే గదా.

దసరా తర్వాత దానికి మా మనసులో ఉన్నది జోడేఘాట్. కొమురం భీం 1940లో నేలకొరిగిన జాగ. ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి, అంటే దసరా అయిన ఐదో రోజు, అక్కడ వర్ధంతి జరుగుతది. అప్పటికి దండారి సంబురాలు కూడా దగ్గరపడతయి. ఖర్చు ఎక్కువ, దూరం ఎక్కువ, అందరం పోలేం. ఆసిఫాబాద్ రోడ్ దాకా రైలు, అక్కడి నుంచి కెరమెరి దిక్కు. ఓ పది మందిమి పోయి గోండు తమ్ముళ్ళ ఇండ్లల్లనే ఉంటే సరిపోతది. లంబాడీ పిల్లలు ముందుగ పేరు ఇయ్యాలని మా కోరిక. ఊర్లల్ల మన పెద్దోళ్ళ మధ్య రిజర్వేషన్ గొడవ ఏ స్థాయిలో ఉందో తెలుసు, దాన్ని ఈ గ్రూపులో మనం తీర్చలేం. ఒకరి ఇంట్ల ఒకరం అన్నం తింటే మాత్రం ఎవ్వరూ ఆపలేరు. తీజ్‌కి వాళ్ళని మన తండాలకి పిలుద్దాం.

చివరిగ చెల్లెళ్ళ సంగతి. పోయినేడు నాలుగు అవుటింగ్‌లకి మూడింటికి ఆడపిల్లలు రాలే. మహాలక్ష్మి బస్సులల్ల వాళ్ళకి టికెట్ లేదు, మనకే ఉన్నది, అయినా రాలే. వాళ్ళ హాస్టల్‌లో పర్మిషన్ ఇయ్యలే, మేము ఒక ఫోన్ చేసి వదిలేసినం. నిజం చెప్పాలంటే "ఈసారికి కానియ్యి" అనుకున్నం. తప్పు మాదే. ఈసారి లెటర్ రాసినం: ఎక్కడికి, ఎంత మంది, ఏ బస్సు, ఎన్ని గంటలకి తిరిగొస్తం, వెంట వచ్చే మేడం ఎవరు, అన్నీ. బుధవారం ఇద్దరం పోయి వార్డెన్ మేడంకి ఇస్తం. ఆ లెటర్ మీద సంతకం అయితేనే హిమాయత్ సాగర్ తేదీ గ్రూపులో పెడతం. అప్పటిదాకా ఫస్టియర్ తమ్ముళ్ళ, చెల్లెళ్ళ పేర్లు, ఎవరు ఏ ఊరు, ఎవరికి వంట వచ్చు, ఎవరికి ఈత వచ్చు, కింద కామెంట్లల్ల రాయండి. చెరువులో ఎవ్వరూ దిగేది లేదు, ఈత వచ్చినోళ్ళు కట్ట మీద ఉండాలె అంతే.