సాంబా ఒట్టి జల్సా కాదు

బ్రెజిల్ అనగానే మనవాళ్లకు ఫుట్‌బాలు, కాఫీ, ఆపైన ఈకలు తొడుక్కుని చిందులేసే జనం గుర్తుకొస్తారు. ‘పనీపాటా లేని జల్సా’ అని తేల్చిపారేసే పెద్దమనుషులు స్టాఫ్‌రూముల్లోనూ ఉన్నారు, హాస్టళ్లలోనూ ఉన్నారు. వారితోనే నా పేచీ.

అసలు ఆ ఆట ఎవరిది? 1888 దాకా బ్రెజిల్‌లో బానిసత్వం చట్టబద్ధం. విడుదలైన నల్లవారికి సెంటు భూమి ఇచ్చిన నాథుడు లేడు. బతుకుదెరువు కోసం బహియా ప్రాంతం నుంచి రియో డి జనీరో చేరినవారు వెంట తెచ్చుకున్న ఆస్తల్లా తమ డప్పులు, తమ దేవుళ్లు, తమ వంటలు. వారిలో తియా సియాతా అనే ఆవిడ (తియా అంటే పిన్ని) మిఠాయిలు అమ్మేది. ఆమె ఇల్లే సాంబాకు పుట్టిల్లంటారు. 1916లో దోంగా అనే సంగీతకారుడు ‘పెలో టెలిఫోనె’ పాటను తన పేర రిజిస్టరు చేయించుకుంటే, అది ఆ ఇంట్లో పదిమందీ కూడి అల్లినదని తగాదా లేచింది. నాకా తగాదా ఎంతో ఇష్టం. ఆనందానికి ఉమ్మడి హక్కుదారులున్నారని చాటిన తగాదా అది!

పోలీసులకు మాత్రం అది దిమ్మరితనం. జొవావ్ ద బయానా అనే కళాకారుడి పండేరోను, అంటే మన కంజిర వంటి వాద్యాన్ని, లాక్కుపోయారు. పినేరో మషాదు అనే సెనేటరు కొత్తది చేయించి, దానిపై తన పేరు వేయించి ఇచ్చాడు. కంజిర వాయించడానికి సెనేటరు పూచీ కావలసి వచ్చిందన్నమాట!

1928లో ఎస్తాసియో పేటలో వెలసిన బృందం పేరు ‘దెయ్‌షా ఫలార్’. ‘అనేవాళ్లను అననీ’ అని అర్థం. సాంబా స్కూళ్లనే మాట దానితోనే మొదలైందంటారు. ఈ స్కూళ్లలో హాజరుపట్టీ లేదు గాని, క్రమశిక్షణ మన కాలేజీలకేం తీసిపోదు. కార్నివాల్ నాటి గంట ఊరేగింపు కోసం నెలల తరబడి కథ ఎంచడం, పాటల పోటీ, దుస్తులు కుట్టడం, డప్పుల సాధన. గడువు దాటితే మార్కులు కోత. ముసలమ్మల దళం లేనిదే స్కూలే లేదు. పనీపాటా లేదన్నవారు చూడవలసింది ఆ కుట్టుమిషన్లను.

డబ్బు ప్రవేశించిన మాటా నిజమే. 1984లో నీమాయర్ గీసిన సాంబాడ్రోమ్ వచ్చింది, టికెట్లు వచ్చాయి, టీవీలు వచ్చాయి. మంగేరా స్కూలు స్థాపకుల్లో ఒకడైన కార్తోలా 1950లలో కార్లు కడిగి బతికాడు. అతని సొంత ఎల్.పి. రికార్డు 1974లో గాని రాలేదు. అప్పటికి అరవై అయిదేళ్లు! ఆ అన్యాయం నేను కాదనను. కాని ఆట ఇంకా కొండవాలు పేదల చేయి దాటిపోలేదని నా నమ్మకం.

2019లో అదే మంగేరా, పాఠ్యపుస్తకాలు మరచినవారి కథను ఎత్తుకుంది. 2018లో హత్యకు గురైన నగర కౌన్సిలరు మారియెల్ ఫ్రాంకోను తలచుకుంది. వారు పట్టిన జాతీయ జెండాకు తమ స్కూలు రంగులైన ఆకుపచ్చ, గులాబి వేశారు. ‘క్రమం, ప్రగతి’ అని ఉండే చోట ‘ఆదివాసులు, నల్లవారు, పేదలు’ అని రాశారు. ఆ ఏడు మొదటి బహుమతి వారిదే.