జంట ప్రతులు విపత్తు నుంచి కాపాడవు

సర్వర్ల కొనుగోళ్లను నిర్ణయించేవారిలో ఒక అభిప్రాయం బలంగా పాతుకుపోయింది. వర్చువల్ మెషీన్లను, అంటే ఒకే భౌతిక సర్వర్‌పై సాఫ్ట్‌వేర్ సాయంతో వేర్వేరుగా నడిచే కంప్యూటర్లను, నిశ్చింతగా నడపాలంటే శాన్ అనే ఖరీదైన ఉమ్మడి స్టోరేజీ వ్యవస్థ తప్పదనీ, అందులో కంట్రోలర్లు, విద్యుత్ సరఫరా, డిస్కులు అన్నీ జంటలుగానే ఉంటాయి కనుక అలాంటిదే మరొకటి వేరే ఊళ్లో పెడితే విపత్తు పునరుద్ధరణ బాధ్యత కూడా తీరినట్లేననీ ఆ అభిప్రాయ సారాంశం. ధర పెరిగితే భరోసా పెరుగుతుందన్న నమ్మకం ఒకటి, నకళ్లు పెరిగితే పోయిన డేటా తిరిగి వస్తుందన్న నమ్మకం మరొకటి ఇందులో కలిసి ఉన్నాయి. మొదటిది డబ్బును వృథా చేస్తుంది; రెండోది సంస్థనే ముంచుతుంది.

డిస్కుల సమూహాలతో భద్రత కల్పించే రెయిడ్ పద్ధతిని 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ శాఖకు చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ ప్రతిపాదించింది ఖరీదైన యంత్రాలను సమర్థించడానికి కాదు. మెయిన్‌ఫ్రేమ్‌ల భారీ డిస్కుల స్థానంలో చిన్న, చవక డిస్కులను వాడవచ్చని చూపడానికే. డిస్కుల సంఖ్య పెరిగేకొద్దీ వాటిలో ఏదో ఒకటి చెడిపోయే అవకాశమూ పెరుగుతుందని వారు స్పష్టంగా చెప్పి, ఆ నష్టాన్ని అదనపు డిస్కులతో ఎలా పూడ్చాలో వివరించారు. 2003లో గూగుల్ ప్రకటించిన ఫైల్ సిస్టమ్ కూడా మామూలు యంత్రాలు తరచూ చెడిపోతాయన్న అంచనాతోనే డేటాలోని ప్రతి ముక్కనూ మూడేసి చోట్ల ఉంచింది. చవక పరికరాలపై నమ్మదగిన వ్యవస్థను కట్టవచ్చన్నది ఈ విధంగా ఏనాడో తేలిన విషయం.

ఖరీదైన వ్యవస్థ మొరాయించదన్న హామీ కూడా లేదు. 2021 ఫిబ్రవరి 24న నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీలో ట్రేడింగ్ దాదాపు నాలుగు గంటలు నిలిచిపోయింది. టెలికాం లింకులు అస్థిరంగా మారినప్పుడు శాన్ ఊహించని రీతిలో ప్రవర్తించి సర్వర్లకు అందకుండా పోయిందని ఆ సంస్థే వెల్లడించింది. విపత్తు కేంద్రం ఉన్నా ఆ రోజు ట్రేడింగ్‌ను అక్కడికి మార్చలేదు.

చవక మార్గం పనిచేసే తీరు సరళమైనది. 2010 నుంచి లైనక్స్ కర్నెల్‌లో భాగంగా ఉన్న డీఆర్‌బీడీ అనే సాఫ్ట్‌వేర్, రెండు మామూలు సర్వర్లలోని డిస్కులను నెట్‌వర్క్ ద్వారా జత చేస్తుంది. వర్చువల్ మెషీన్ ఏదైనా రాసినప్పుడు ఆ రాత రెండు సర్వర్లలోనూ పడిన తర్వాతే పూర్తయినట్లు సమాధానం వస్తుంది కనుక, ఒక సర్వర్ కాలిపోయినా రెండోదానిపై అదే మెషీన్‌ను వెంటనే లేపవచ్చు. రెండు సర్వర్లూ బాగానే ఉండి మధ్యలో నెట్‌వర్క్ మాత్రమే తెగితే, ఎవరికి వారే మిగిలామనుకుని వేర్వేరు రాతలు మొదలుపెట్టే ప్రమాదం ఉంది. దాన్ని నివారించడానికి ఓటు వేసే మూడో చిన్న యంత్రం ఒకటి చాలు. ఇటువంటి ఏర్పాటుకు నైపుణ్యం కావాలన్న అభ్యంతరం నిజమే కాని, ఆ నైపుణ్యం శాన్‌కూ కావాలి. విక్రేత మద్దతు ఒప్పందం సంస్థ సిబ్బంది అవగాహనకు ప్రత్యామ్నాయం కాదు.

ఇంతకంటే ప్రమాదకరమైనది రెండో నమ్మకం. జంట ప్రతి, యంత్రం చెడినప్పుడు పని ఆగకుండా చూస్తుంది. అంతవరకే దాని బాధ్యత. పొరపాటున చెరిపిన ఫైలును రెండో చోట కూడా అదే క్షణంలో చెరపడం, దుండగులు తాళం వేసిన డేటాను రెండో చోటికీ చేర్చడం దాని స్వభావంలోనే ఉంది. 2024 మే నెలలో ఆస్ట్రేలియాకు చెందిన యూనిసూపర్ పింఛను నిధికి ఇదే అనుభవమైంది. గూగుల్ క్లౌడ్‌లో రెండు చోట్ల జంటగా ఉన్న దాని వ్యవస్థ ఒక పొరపాటు వల్ల రెండు చోట్లా తొలగిపోగా, కోలుకోవడంలో ఆ నిధిని ఆదుకున్నవి విడిగా ఉంచిన బ్యాకప్‌లు.

పరీక్షించని బ్యాకప్‌ను నమ్మడం కూడా ఇంతే ప్రమాదం. 2017 జనవరి 31న సాఫ్ట్‌వేర్ కోడ్‌ను భద్రపరిచే గిట్‌ల్యాబ్ సంస్థ ఇంజనీరు ఒకరు రెండో సర్వర్‌లో ఖాళీ చేయవలసిన డైరెక్టరీని పొరపాటున ప్రధాన సర్వర్‌లో చెరిపారు. తప్పు గుర్తించి ఆపేలోగా సుమారు 300 గిగాబైట్లలో మిగిలింది 4.5 గిగాబైట్లు. రోజువారీ బ్యాకప్ ప్రోగ్రామ్ వెర్షన్, డేటాబేస్ వెర్షన్ వేర్వేరు కావడంతో ఆ బ్యాకప్‌లు విఫలమవుతూ వచ్చాయి. ఆ సంగతి తెలిపే ఈమెయిళ్లను మెయిల్ సర్వర్ తిరస్కరించింది. దాదాపు ఆరు గంటల ముందు వేరే పనికోసం తీసిన ఒక స్నాప్‌షాట్, అంటే ఆ క్షణానికి డిస్కు ఉన్న స్థితి, చేతిలో ఉండబట్టి మిగతాదంతా దక్కింది.

డేటా మరీ ఎక్కువ కాబట్టి విడి ప్రతి సాధ్యం కాదనే సాకు కూడా నిలవదు. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని డేజాన్ ప్రభుత్వ డేటా కేంద్రం అగ్నిప్రమాదంలో ఉద్యోగుల ఉమ్మడి డ్రైవ్‌కు చెందిన 858 టెరాబైట్లు పోయాయి. పరిమాణం పెద్దది కావడంతో బయట ప్రతి ఉంచలేదన్నది అక్కడ చెప్పిన కారణం. డేటాను నాలుగు ముక్కలు చేసి రెండు సరిచూపు ముక్కలు జోడించే ఎరేజర్ కోడింగ్ పద్ధతిలో, ఆరింటిలో ఏ రెండు పోయినా డేటా దక్కుతుంది, స్థలం ఒకటిన్నర రెట్లే పడుతుంది. ఆ లెక్కన 858 టెరాబైట్ల విడి ప్రతికి కావలసినవి 20 టెరాబైట్ల డిస్కులు 65. అవి ఒక్క రాక్‌లో పడతాయి.

కాబట్టి విపత్తుకు సిద్ధపడడమంటే జంటలను పెంచడం కాదు, దూరాన ఒక స్వతంత్ర ప్రతిని నిలపడం. జెడ్‌ఎఫ్‌ఎస్ వంటి ఉచిత ఫైల్ సిస్టమ్‌లు స్నాప్‌షాట్ల మధ్య మారిన భాగాలను మాత్రమే పంపుతాయి కనుక మామూలు ఇంటర్నెట్ లైను మీద కూడా చాలా సంస్థలకు ఈ పని సాగుతుంది. ప్రధాన సర్వర్ తన ప్రతిని అక్కడికి తోయకూడదు. దూరాన ఉన్న యంత్రమే వచ్చి తీసుకోవాలి. అప్పుడు ప్రధాన సర్వర్ దుండగుల చేతిలో పడినా దూరపు ప్రతిని చెరిపే తాళాలు వారికి దొరకవు. దూరం కూడా నిజమైన దూరమై ఉండాలి: 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నంలో విద్యుత్తును, టెలికాం సేవలను కుప్పకూల్చింది, అటువంటి వేళ అదే నగరంలోని రెండు భవనాల్లో రెండు ప్రతులున్నా ఒకటి లేనట్లే.

సహకార బ్యాంకులు, ఆసుపత్రులు, కళాశాలలు, ప్రభుత్వ కార్యాలయాలు టెండరు పిలిచే ముందు రెండు నిర్ణయాలను రాతపూర్వకంగా తీసుకోవాలి: ఎంతసేపటి డేటా పోయినా తట్టుకోగలరు, ఎన్ని గంటల్లో తిరిగి నిలబడాలి. ఆ తర్వాత మూడు నెలలకు ఒకసారైనా ఒక వర్చువల్ మెషీన్‌ను దూరపు ప్రతి నుంచి ఖాళీ సర్వర్‌పై లేపి, పట్టిన సమయాన్ని నమోదు చేయాలి. ఆ నమోదు లేని సంస్థకు, దాని స్టోరేజీ ఎన్ని కోట్లు పలికినా, విపత్తు పునరుద్ధరణ వ్యవస్థ లేనట్లే.