ఊకొట్టుట ఒప్పుకొనుట కాదు

మాటచే మనసు మరల్చుట మానవునకు క్రొత్త విద్య గాదు. సంతలో బేరగాడును, సభలో వక్తయు ఈ విద్యచేతనే నెగ్గుకొని వచ్చుచున్నారు. కాని వారి ముఖము మనకు గనబడును. వారి లాభ మెందున్నదో యూహింపగలము. ఇప్పుడు ముఖము లేని మాటకారి యొకడు మన చేతి ఫోనులో వచ్చి కూర్చుండినాడు. అది యంత్రము. తెలుగున మాటాడును, ఎన్నిసార్లడిగినను విసుగుకొనదు. దాని మాటనేర్పును గూర్చి ప్రజలును, ప్రభుత్వమును మేల్కొనవలసిన సమయము వచ్చినదని మేము తలచుచున్నాము.

కాళేశ్వరమునకు బోవు బాటలోనున్న కాటారము మండలమునే దృష్టాంతముగా గొందము. వరియు, ప్రత్తియు నచటి రైతుల జీవనాధారములు. ప్రత్తిచేనికి పురుగు పట్టినపుడు రైతు ఫోనులో వ్రాసి వెదకినచో తెరపై పెక్కు సమాధానములు నిలుచును. పోల్చి చూచుకొనవచ్చును. అదే ప్రశ్నను నోటితో నడిగినచో సాధారణముగా వినవచ్చునది యొక్క సమాధానమే. తక్కినవి యేమైనవో, ఈ యొక్క మందు పేరే యేల ముందుకు వచ్చెనో యతడెరుగడు. చదువు రాని వానికి మాటాడు యంత్రము వరమే, మేము కాదనము. కాని యెవరికది యెక్కువగా నుపకరించునో, వారినే యది యెక్కువగా మోసపుచ్చనుగలదు.

1966లో అమెరికాయందు జోసెఫ్ వైజెన్‌బామ్ అను పండితుడు 'ఎలైజా' యను సంభాషణయంత్రమును లోకమునకు జూపెను. దానికి గొంతు లేదు. వ్రాతతోడనే బదులు చెప్పును. అది తయారగుట కన్నులార జూచిన యతని కార్యదర్శినియే, దానితో ముచ్చటించుచు నాయనను గది వెలుపలికి బొమ్మన్నదట! వ్రాతకే యింత వశ్యత గలిగినపుడు, 'అన్నా', 'అమ్మా' యని పిలుచు మెత్తని గొంతు మాట యేల? ముఖస్తుతి మితిమీరినదని 2025 ఏప్రిల్‌లో ఓపెన్‌ఏఐ సంస్థ తన యంత్రమునకు జేసిన మార్పును తానే యుపసంహరించుకొనెను.

మన నాట మరియొక చిక్కు గలదు. ఎదుటివాడు చెప్పుచుండగా 'ఊఁ' అనుట మన మర్యాద. వినుచున్నామని దాని యర్థము, ఒప్పుకొంటిమని గాదు. ఈ భేదము కాటారములో పసిబిడ్డయు నెరుగును. యంత్రమెరుగునా? మాటతో సొమ్ము చెల్లించు 'హలో యూపీఐ' యేర్పాటు 2023లోనే ప్రకటింపబడినది. మాటయే సంతకమగు కాలమున, ఊకొట్టుటను ఒప్పుకోలుగా లెక్కించినచో రైతు సొమ్మునకు రక్షణ యెక్కడిది?

తొందరపెట్టి కొనిపించుట, వలదన్నవానిని సిగ్గుపరచుట మున్నగు 13 కపటరీతులను కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న నిషేధించినది. ఇది మెచ్చదగినదే. కాని యందలి దృష్టాంతములు చాలవరకు కంటికి గనబడు తెరకు సంబంధించినవి. చెవి సొచ్చు మాటకు గూడ కట్టుబాటు స్పష్టముగా నుండవలెను. మనుజుని వంచించి హాని గావించు యంత్రరీతులపై ఐరోపా సమాఖ్య విధించిన నిషేధము 2025 ఫిబ్రవరి 2 నుండి యమలులోనున్నది.

మేము కోరునవి మూడు. యంత్రము తొలిపలుకుననే తాను యంత్రమనియు, ఎవరి పక్షమున మాటాడుచున్నదో యును జెప్పవలెను. ఒక సరకును మెచ్చుటకు సొమ్ము ముట్టినచో నామాట దాచరాదు. సొమ్మునకు సంబంధించిన యే యొప్పుకోలైనను స్పష్టమైన తెలుగున మరల నడిగి నిర్ధారించుకొనవలెను. కాటారము చేరియున్న మంథని నియోజకవర్గ ప్రతినిధి శ్రీ దుద్దిళ్ల శ్రీధర్‌బాబుగారే 2023 డిసెంబరులో రాష్ట్ర సమాచార సాంకేతిక శాఖను స్వీకరించిరి. ఈ కోర్కె వారి కంటె నెవరికి దగ్గర?

అంతవరకు మన పెద్దలు బేరగానికి జెప్పు మాటయే మనకు రక్ష: 'ఇంట నడిగి రేపు చెప్పెదను.' రేపటి వరకు ఆగలేని సలహా మన మేలుకోరినది గాదు.