భయానికీ వయసుంది

ఏడెనిమిది నెలల బిడ్డను కొత్తవాళ్ళు ఎత్తుకోబోతే గుక్కపట్టి ఏడుస్తుంది. నాలుగు నెలలప్పుడు ఎవరు పలకరించినా బోసినవ్వులు నవ్విన బిడ్డే! ‘దిష్టి తగిలింది’ అంటారు ఇంట్లో పెద్దలు. నిజానికి జరిగింది మంచి మార్పే. తనవాళ్ళ ముఖాలను మనసులో నిలుపుకొని, ఎదుటి ముఖాన్ని వాటితో పోల్చుకునే శక్తి ఆ బిడ్డకు వచ్చింది. తెలివి పెరిగింది కనుకనే భయం పుట్టింది.

మూడేళ్ళు దాటేసరికి ఇది చాలావరకు తగ్గి, చీకటి, దెయ్యాలు, బూచాడు ఆ చోటికి వస్తారు. లేనిదాన్ని ఊహించడం నేర్చిన వయసు కదా! (అన్నం తినిపించడానికి బూచాణ్ణి పిలవడం పెద్దలు మానితే బాగుండును.) బడిలో చేరాక ఉరుములు, దెబ్బలు, అమ్మానాన్నలకు ఏమవుతుందోనన్న దిగులు.

ఇక మీ వయసు. చీకట్లో పెరట్లోకి వెళ్ళమంటే వెళతారు. తరగతిలో లేచి నాలుగు మాటలు చెప్పమంటే మాత్రం నోరు తడారిపోతుంది. నలుగురూ ఏమనుకుంటారో! ఎదుటివారి మనసులో తన గురించి ఏముందో ఊహించే శక్తి ఈ వయసులోనే పదునెక్కుతుంది. మెదడు లోపల అమిగ్డలా అనే బాదంగింజంత భాగం ప్రమాదాన్ని పసిగట్టి హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను తూచి చూసే ముందరి భాగం పూర్తిగా ఎదగడానికి సుమారు 25 ఏళ్ళు పడుతుంది. గుండెదడ, చెమటలు పిరికితనం కావు.

అందుకే మార్కులను తరగతిలో పేరుపేరునా చదివి వినిపించే అలవాటును మన బళ్ళు మానాలంటాను. ‘సిగ్గుపడితేనే చదువుతారు’ అని నాతోటి ఉపాధ్యాయులు కొందరు వాదిస్తారు. కొద్దిపాటి బెరుకు శ్రద్ధను పెంచే మాట నిజమే. హద్దు దాటితే తెలిసిన జవాబు కూడా గుర్తురాదు. బుద్ధి చెప్పడానికని నెలల బిడ్డను కొత్తవాళ్ళ చేతుల్లో పెట్టం కదా!

భయాన్ని తప్పించుకు తిరిగితే అది పెరుగుతుంది. 1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే శాస్త్రవేత్త, కుందేలంటే హడలిపోయే పీటర్ అనే చిన్నవాడి కథ ప్రచురించింది. వాడు ఇష్టమైనది తింటూంటే కుందేలును కొంచెం కొంచెంగా దగ్గరికి తెచ్చేవారు. చివరికి వాడే దాన్ని నిమిరాడు. మీరూ ముందు ఒక స్నేహితుడి ఎదుట, తరువాత ముగ్గురి ఎదుట, ఆపైన తరగతిలో మాట్లాడి చూడండి. నిద్ర, తిండి చెడి, బడికి పోవడమే కష్టమై వారాల తరబడి సాగితే దాచుకోకండి. ఇంట్లో చెప్పి డాక్టరును కలవండి. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్‌కు, 14416 నంబరుకు, ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.