అరచేతిలో అంగడి



పోయిన నెల నర్సాపురం దగ్గరి ఒక పల్లె నుండి ఒక సహోదరి ఉత్తరం వ్రాసింది. వాళ్లది లేసు అల్లే కుటుంబం. అత్తగారి కాలం నుండి ఏజెంటు దారం ఇస్తాడు, వీళ్లు అల్లి ఇస్తారు, పీసుకు ఇంత అని అతడు కూలి లెక్కగట్టి ఇస్తాడు. ఇంటరు చదివే కుమారుడు ఫోనులో ఇన్‌స్టాగ్రామ్ పేజీ తెరిచి, "అమ్మా, ఇక మనమే అమ్ముకుందాం" అన్నాడట. మూడు నెలలు రోజూ ఏదో ఒకటి పెట్టారు. బాగుందన్నవాళ్లు చాలామంది ఉన్నారు గాని కొన్నవారు ఒక్కరూ లేరు. "అక్కయ్యగారూ, మాలో లోపమెక్కడ? దారానికి అప్పు చేశాము. ఇది కుదరకపోతే మళ్లీ ఆ ఏజెంటు గుమ్మమే తొక్కాలి" అని వ్రాసింది.

ఆ అబ్బాయి చేత పేజీ పంపించుకొని, కళ్లజోడు పెట్టుకొని, మొదటి నుండి చివరి వరకు చూశాను. చూసినది చూసినట్లే వ్రాస్తున్నాను, చెల్లెమ్మా, నొచ్చుకోవద్దు.

సగానికి పైగా గులాబీపూలతో శుభోదయాలు, పండుగ శుభాకాంక్షలు, ఎవరో పంపితే తిరిగి పంపిన బొమ్మలు. లేసు ఉన్నచోట అది రాత్రిపూట ట్యూబులైటు కింద తెల్లని దుప్పటి మీద పరిచి ఉంది. తెల్లదాని మీద తెల్లది పెడితే ఏ కంటికి కనబడుతుంది? ధర ఎక్కడా లేదు. "ధర కొరకు మెసేజ్ చేయండి" అని ఉంది. కొలత లేదు. ఒకచోట పెండ్లికూతురి ముసుగు ఫొటో ఒకటుంది, చాలా అందంగా ఉంది. అది మీరు అల్లినదేనా అని అడిగితే, "నెట్‌లో దొరికింది అక్కయ్యగారూ, అందరూ పెడతారు" అన్నాడు అబ్బాయి.

దాన్ని ఆ రోజే తీసేయమన్నాను. నేనూ ఒకసారి ఇట్లాగే ఫొటో చూసి చేతి అల్లిక అనుకొని కిటికీ తెరలకు డబ్బు పంపాను. వచ్చినది యంత్రం మీద నేసిన పలుచని జాలీ. తిప్పి పంపుతానంటే జవాబు లేదు. డబ్బు పోయింది సరే, ఆ తరువాత రెండేళ్లు ఫోనులో ఏమి చూసినా కొనబుద్ధి కాలేదు. అట్లా మోసపోయినవారు అనేకులు. మీ పేజీ చూసేవారి మనసులో ముందుగా ఉండేది ఆ అనుమానమే. ఇది నిజంగా చేత్తో చేసినదేనా, బొమ్మలో ఉన్నదే వస్తుందా, ఎంత పెద్దది, ఎంతకు ఇస్తారు, ఎన్నాళ్లకు చేరుతుంది? మీరు పెట్టే ప్రతి ఫొటో, వ్రాసే ప్రతి మాట వీటిలో ఒకదానికైనా జవాబు కావాలి. శుభోదయం దేనికీ జవాబు కాదు.

ఫొటో సంగతి చెబుతాను. ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల వెలుతురులో, ఎండ నేరుగా తగలకుండా, గుమ్మం పక్కన తీయండి. కింద ముదురు నీలం గాని నల్లది గాని గుడ్డ పరవండి. ఇంట్లో పాత లంగా గుడ్డ అయినా చాలు, ఇస్త్రీ చేసి ఉంటే సరి. ఒక ఫొటో మొత్తం కనబడేటట్లు, ఒకటి అల్లిక దగ్గరగా, ఒకటి వెనుక వైపు. పక్కన స్కేలు పెట్టండి. వెనుక వైపు ఎందుకంటే, అల్లిక తెలిసినవారు మొదట తిప్పి చూసేది అదే గదా.

ఇక వీడియో. ముప్పై సెకన్లు చాలు. ఫోను నిలువుగా పట్టుకొని, సూది దారాన్ని లాగే మీ వేళ్లను తీయండి. ముఖం కనబడనక్కరలేదు, ఇంటి ఆడపిల్లలను, ఇంటి నంబరును అందులోకి రానీయవద్దు. సినిమా పాట పెట్టకండి. అది ఒకరి సొత్తు, పైగా వ్యాపార ఖాతాలకు ఆ పాటలు చాలావరకు దొరకవు. మీ గొంతుతోనే, ఇది ఎన్నో వరుస, ఇంకా ఎన్ని ఉన్నాయి, ఎన్ని రోజులు పడుతుంది అని మీ మాటల్లో చెప్పండి. గోదావరి యాస ఉంటే ఉండనీయండి. మిషను అల్లికకు ఆ గొంతు ఎక్కడనుండి వస్తుంది?

అన్నిటికంటె నాకు బాధ కలిగించినది ఆ పేజీ మొదట్లోనే ఉన్న ఒక వాక్యం: "ఖాళీ సమయంలో ఇంట్లో అల్లినవి." చెల్లెమ్మా, నీవు ఉదయం వంట ముగించి కూర్చుంటే దీపాలు పెట్టేవేళకు గాని లేవనని నీ ఉత్తరంలోనే వ్రాశావు. అది ఖాళీ సమయమా? నర్సాపురం లేసు స్త్రీల మీద మరియా మీస్ అనే జర్మను పండితురాలు 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. ఆమె ఎత్తిచూపినది ఈ మాటనే. విదేశాల బజారుకు సరకు తయారుచేసే ఆడవారిని ఇంటిపట్టున ఉండి తీరికవేళ అల్లుకునేవారుగా లెక్కగట్టడం వలననే వారి కూలి అంత తక్కువగా ఉండిపోయిందని వ్రాసింది. ఇతరులు అన్న మాటను ఇప్పుడు మనమే మన సరకు మీద అచ్చు వేసుకుంటున్నాం. నీ లేసు తీరికవేళ పని అని నీవే చెబితే, తగిన ధర ఎవరిస్తారు?

అందుచేత గంటలు వ్రాసుకోండి. ఒక బల్లగుడ్డకు దారం ఎంతయింది, అల్లడానికి, అతుకుపనికి, ఉతికి గంజి పెట్టి ఇస్త్రీ చేయడానికి ఎన్ని గంటలు పట్టింది, మీ ఊళ్లో కూలి ప్రకారం ఆ గంటలకు ఎంత, పెట్టె ఖర్చు ఎంత. ఆ మొత్తం చూసి భయపడి తగ్గించకండి. నేనైతే ఫొటో కింద ఇట్లా వ్రాస్తాను:

"చేతి అల్లిక బల్లగుడ్డ. గుండ్రం, అడ్డం 24 అంగుళాలు. తెల్ల నూలు దారం. అమ్మ, నేను కలిసి ఆరు రోజులు అల్లాము. ధర ఇంత, పోస్టు ఖర్చు ఇంత. ఇప్పుడు రెండే ఉన్నాయి. కొత్తది కావాలంటే పది రోజులు ఆగాలి."

నర్సాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన అల్లిక మన ఆడవారి చేతుల్లో ఇంతవరకు నిలిచింది. అయితే ఆ గుర్తింపు ముద్రను వాడుకోవాలంటే వాడుకదారుగా నమోదు కావాలి. నమోదు లేకుండా ఆ ముద్ర బొమ్మను పేజీ మీద అంటించుకోకండి. ఏ ఊళ్లో, ఎవరు అల్లారో మాత్రం ధైర్యంగా వ్రాయండి, అది నిజం కనుక.

రోజూ పెట్టాలన్న నియమమేమీ లేదు. వారానికి రెండు చాలు, ఆ రెండూ సరకువే కావాలి. అడిగినవారికి ఆ రోజే జవాబివ్వడం ముఖ్యం; అది మీ అబ్బాయి కాలేజీ నుండి వచ్చేవరకు ఆగకూడదు, నీవే నేర్చుకో. తెలియనివారి వెంట పడేకంటె ముందు తెలిసినవారితో మొదలుపెట్టమంటాను. హైదరాబాదులో స్థిరపడిన మీ చుట్టాలు, కువైటులో పనిచేసే మీ ఊరి ఆడపిల్లలు, స్త్రీల సమాజంలో మీతో కూర్చునేవారు, వీరికి వాట్సాప్ చాలు. వాట్సాప్ బిజినెస్ అని ఉచితంగా దొరికేది వేరుగా ఉంది. అందులో వస్తువుల ఫొటోలు, ధరలు ఒక జాబితాగా నిలిచి ఉంటాయి. స్టేటస్ 24 గంటల్లో పోతుంది. పైగా మీ నంబరు దాచుకున్నవారికే అది కనబడుతుంది, కనుక ప్రతి పార్శిలులో ఒక చీటీ పెట్టి, ఈ నంబరు దాచుకోండని వ్రాయండి.

ఒక హెచ్చరిక. ఆర్డరు ఇస్తామని ఫోను చేసి, డబ్బు పంపుతున్నాం, పిన్ కొట్టండి అనేవారు ఉంటారు. డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు. పిన్ కొడితే పోయేది మీ డబ్బే.

ఈ పుట అచ్చుకు వెళ్లేముందు ఆ సహోదరి కొత్త ఫొటో పంపింది. నీలం గుడ్డ మీద ఒక్కొక్క కన్నూ లెక్కపెట్టేటట్లు ఉంది. ఒక అంచున చిన్న మరక కూడా కనబడుతోంది. దారం రంగులోనే ఉన్నదట. ఆ సంగతి కూడా కిందనే వ్రాసి, ధర కొంచెం తగ్గించి పెట్టమన్నాను. అట్లాగే పెట్టింది. అమ్ముడుపోయిందని ఇంకా వార్త లేదు. విజయవాడ నుండి ఎవరో మాత్రం, ఇదే అల్లిక 16 అంగుళాలలో ఆరు కావాలి, ఎన్నాళ్లకు ఇస్తారు అని అడిగారట. గంటలు లెక్క కట్టుకొని జవాబు వ్రాస్తానంది.