రోజుకు ఒకటి

జనవరి మొదటి వారంలో తెల్లవారుజామున తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ మైదానానికో, చిత్తూరులో మెసానికల్‌ గ్రౌండ్‌కో వెళ్లి చూడండి. కొత్త బూట్లు, కొత్త ట్రాక్‌ ప్యాంట్లు, చెవుల చుట్టూ మఫ్లర్లు. ఎటు చూసినా జనమే. సంక్రాంతి అరిసెలు డబ్బాల్లోకి చేరేసరికి వాళ్లు పలచబడతారు. శివరాత్రి నాటికి మిగిలేది ఏడాది పొడవునా వచ్చే పాత ముఖాలే. మధ్యలో తప్పుకొన్నవాళ్లను కదిపితే దాదాపు అందరి నోటా ఒకటే మాట వినిపిస్తుంది: ‘‘నాకు పట్టుదల తక్కువండీ.’’ మీరూ ఎప్పుడో ఒకప్పుడు అలా అనుకునే ఉంటారు.

ఆ మాట నిజం కాదు. నిజమైతే అలిపిరి మెట్లు ఎక్కుతున్నది ఎవరు? సుమారు తొమ్మిది కిలోమీటర్ల దారి, 3,550 మెట్లు. వీధి చివర పాలబూత్‌కు కూడా స్కూటర్‌ తీసే మనిషి, అబ్బాయికి సీటొస్తే నడిచి వస్తానని మొక్కుకుంటాడు. గాలిగోపురం దాకా రొప్పుతూ ఎక్కుతాడు. మోకాళ్ల మెట్టు దగ్గర నిజంగానే మోకాళ్లు పట్టుకుంటాడు. అయినా వెనక్కి తిరగడు. ఆ మనిషికి పట్టుదల లేదంటే ఎలా నమ్మడం? (గుండెజబ్బు, ఆస్తమా వంటివి ఉన్నవాళ్లు నడకదారిన రావడం మంచిది కాదని టీటీడీయే చెబుతోంది. మొక్కు ఉన్నా సరే, ముందు డాక్టర్‌ను అడగండి.)

ఉన్నది పట్టుదలే. కాకపోతే అది మొక్కు పట్టుదల. మొక్కుకు ఒక రోజు ఉంటుంది, ఒక ముగింపు ఉంటుంది, చుట్టూ గోవింద నామాలుంటాయి, చివర దర్శనం ఉంటుంది. షుగరు, బీపీ, బరువు అలాంటి పనులు కావు. వాటికి శిఖరం లేదు, గంట కొట్టేవాళ్లు లేరు. ఏడాదికోసారి 3,550 మెట్లు ఎక్కి మిగతా 364 రోజులు కుర్చీలో కూర్చుంటే రక్తంలో చక్కెర దిగిరాదు. వాటికి కావలసింది దేవుడి గదిలో దీపం లాంటి పద్ధతి. ‘ఇవాళ దీపం పెట్టడానికి ఉత్సాహం లేదు’ అని మన ఇళ్లలో ఎవరూ అనరు. ఉత్సాహంతో సంబంధం లేకుండానే వెలుగుతుంది. పని చిన్నది, వేళ తెలుసు, అగ్గిపెట్టె ఎక్కడుందో చేతికి తెలుసు.

ఈ రెండో రకం పట్టుదలకు కొండ మీదే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. తాళ్లపాక అన్నమాచార్యులు. ఆయన పదహారో ఏట, అంటే 1424లో సంకీర్తనలు మొదలుపెట్టి 1503లో కన్నుమూసే దాకా రాశారని రాగిరేకుల వల్ల తెలుస్తోంది. మొత్తం 32 వేల సంకీర్తనలు చెప్పారని ఆయన మనవడు చిన్నన్న రాశాడు. ఇప్పుడు మనకు దొరుకుతున్నవి అందులో సగం లోపే. 32 వేలు అనగానే మనం చేతులెత్తి దండం పెట్టి, అది మహానుభావులకే సాధ్యమని పక్కన పెట్టేస్తాం. ఒక్కసారి లెక్క వేయండి. 79 ఏళ్లంటే దాదాపు 28,800 రోజులు. భాగిస్తే రోజుకు ఒకటి, ఆపైన కాస్త. రోజుకు ఒక్కటికి తక్కువ కాకుండా చెప్పాలన్నదే ఆయన నియమమని సంప్రదాయం కూడా చెబుతోంది.

ఇందులో అందరూ చెప్పని సంగతి ఒకటుంది. ఆ వేల సంకీర్తనల్లో ఇవాళ కచేరీల్లో, ఇళ్లలో పాడుకునేవి కొన్ని వందలు. ఆయన జీవితంలోనూ పెళ్లి ముహూర్తాలు, జ్వరాలు, ప్రయాణాలు వచ్చే ఉంటాయి. అన్ని రోజులూ ఒకేలా గడిచి ఉండవు. నియమం మాత్రం గొప్పది రాయాలని కాదు, ఒకటి రాయాలని. మనం తప్పు చేసేది సరిగ్గా ఇక్కడే. ఒంట్లో ఓపిక బాగా ఉన్న రోజున, పొద్దున్నే కాఫీ తాగుతూ, ‘రేపటి నుంచి గంట నడక, అన్నం బంద్‌, రాత్రికి రెండు పుల్కాలే’ అని తీర్మానిస్తాం. ఆ తీర్మానం మంచి రోజు కొలతతో కుట్టిన చొక్కా. ఆఫీసులో ఆడిట్‌ ఉన్న రోజున, అత్తగారిని ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజున అది పట్టదు. రెండు రోజులు తప్పగానే ‘ఇక నావల్ల కాదు’ అంటాం. కొలత తీసుకోవాల్సింది మీ అతి గడ్డు రోజుకు. ఆ రోజున కూడా చేయగలిగింది ఎంత? పది నిమిషాలా? అయితే అదే మీ నియమం. మంచి రోజున గంట నడవండి, ఎవరూ వద్దనరు.

పది నిమిషాలు నడిస్తే ఏం ఒరుగుతుందని అడిగేవాళ్లు ఉంటారు. రోజుకు పదివేల అడుగులు నడవాల్సిందేనన్న మాట ఫోన్లలో, చేతి గడియారాల్లో మోగుతూనే ఉంది కదా. ఆ అంకె వైద్యుల నుంచి వచ్చింది కాదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అమ్మిన అడుగుల మీటర్‌ పేరు నుంచి వచ్చింది. 2019లో హార్వర్డ్‌ పరిశోధకులు పెద్దవయసు మహిళలపై ప్రచురించిన అధ్యయనంలో రోజుకు సుమారు 2,700 అడుగులు వేసేవాళ్ల కంటే 4,400 వేసేవాళ్లలోనే మరణాల ముప్పు చెప్పుకోదగినంత తక్కువగా కనిపించింది. ఏడున్నర వేల దగ్గర ఆ లాభం దాదాపు నిలకడకు వచ్చింది. మన పొరుగున చెన్నైలో డాక్టర్‌ ఎ.రామచంద్రన్‌ బృందం చేసి 2006లో వెలువరించిన అధ్యయనం మనకు ఇంకా దగ్గరిది. షుగరు అంచుకు చేరినవాళ్లలో మామూలుగా వదిలేసిన గుంపులో మూడేళ్లకు నూటికి 55 మంది మధుమేహులయ్యారు. నడక, తిండి విషయంలో మార్పులు చెప్పి వెన్నంటి ఉన్న గుంపులో 39 మంది. అద్భుతమేమీ కాదు. కానీ ఆ పదహారు మందిలో మీ ఇంటి మనిషి ఒకరైతే? దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు పది కోట్లు దాటారని, అంచున ఉన్నవాళ్లు పదమూడు కోట్లు దాటారని ఐసీఎంఆర్‌ అధ్యయనం 2023లో తేల్చింది. సంగటి తిని, వేరుశనగ చేలో ఎండకు ఒళ్లొంచిన తాతల మనవళ్లం, ఇప్పుడు బండి దిగకుండానే కూరగాయలు కొంటున్నాం.

అలవాటు కావడానికి 21 రోజులు చాలన్న మాటా మీరు వినే ఉంటారు. అది 1960లో ఒక అమెరికన్‌ ప్లాస్టిక్‌ సర్జన్‌ తన పుస్తకంలో రాసిన మాట నుంచి పుట్టింది. లండన్‌ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి చూస్తే, కొత్త పని తనంతట తానే సాగే స్థితికి రావడానికి సుమారు 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. ఆ అధ్యయనంలో మనకు అన్నిటికన్నా పనికొచ్చే సంగతి వేరే: మధ్యలో ఒక రోజు తప్పిపోయినా అలవాటు కుదరడంలో చెప్పుకోదగ్గ నష్టం జరగలేదు.

21 రోజుల కంటే మన మండల దీక్షే ఎక్కువ నేర్పుతుంది. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉండే ఉంటారు. ఇరవై ఏళ్లుగా సిగరెట్‌ మానలేని మనిషి 41 రోజులు ముట్టుకోడు. చన్నీళ్ల స్నానం, నేల పడక, మితమైన తిండి. ఎవరూ బలవంతపెట్టరు. శబరిమల వెళ్లి వచ్చి మాల తీసిన సాయంత్రానికే బంకు దగ్గర కనిపిస్తాడు. ఇంట్లోవాళ్లు ‘భక్తి అంతేనా’ అని ఎగతాళి చేస్తారు. భక్తిని అనవసరంగా అనుమానిస్తున్నారు. 41 రోజులు అతణ్ని నిలబెట్టింది భక్తితో పాటు దాని చుట్టూ ఉన్న ఏర్పాటు కూడా. ఒంటి మీద నల్ల బట్టలు, మెడలో మాల, కనిపించిన ప్రతివాడూ ‘స్వామీ’ అని పిలవడం, పొద్దునా సాయంత్రం నలుగురితో భజన, తనకోసం విడిగా వండే వంట. సిగరెట్‌ వెలిగించాలంటే ఇవన్నీ అడ్డొస్తాయి. మాల తీయగానే ఏర్పాటంతా ఒకేసారి ఊడిపోయింది. మనిషి మాత్రం అతడే.

కాబట్టి మీ లక్ష్యం ఏదైనా, మాలతో వచ్చే ఏర్పాటులో ఏది మీ దగ్గర ఉంచుకోవచ్చో చూడండి. ఒక వేళ: ‘వీలైనప్పుడు’ కాదు, ‘రాత్రి భోంచేసి చెయ్యి కడుక్కున్న వెంటనే’. భోజనం తర్వాత పది పదిహేను నిమిషాల నడకకు తిన్నాక పెరిగే చక్కెరను తగ్గించే గుణం ఉంది, ఆ విధంగానూ అది మంచి వేళ. ఒక తోడు: మీరు రాకపోతే ఫోన్‌ చేసి ‘ఏం సార్‌, కనిపించలేదు’ అని అడిగే మనిషి. ఒక అడ్డు: సిగరెట్‌ ప్యాకెట్‌ జేబులో ఉండటం వేరు, అర కిలోమీటరు దూరంలోని బంకులో ఉండటం వేరు.

మన ప్రాంతపు క్యాలెండర్‌ను కూడా లెక్కలోకి తీసుకోండి. మే నెలలో ఏడింటికే ఎండ మాడు పగలగొడుతుంది. అదే నెలలో తిరుపతిలో గంగమ్మ జాతర. ఆ వెనకే మామిడి కాయల బుట్టలు, బంధువుల ఇళ్ల నుంచి వచ్చేవి, వద్దనడానికి వీల్లేనివి. నవంబరులో ఈశాన్య రుతుపవనాల ముసురు. ఇవన్నీ ప్రతి ఏడాదీ వస్తాయి, అయినా ప్రతి ఏడాదీ మనల్ని ఆశ్చర్యపరుస్తాయి. ‘వాన పడితే వరండాలో పది నిమిషాలు అటూ ఇటూ నడుస్తాను’, ‘మామిడిపండు తిన్న పూట అన్నం తగ్గిస్తాను’ అని ముందే అనుకోండి. ఆ వేళకు ఆలోచించాల్సిన పని ఉండదు. ఒంట్లో ఓపిక లేనప్పుడు మొదట మొరాయించేది ఆలోచనే.

ఇంట్లో ఆడవాళ్ల సంగతి విడిగా చెప్పాలి. నాన్నగారికి షుగర్‌ వచ్చిందంటే ఇల్లంతా కదులుతుంది. జొన్నరొట్టె చేసేవాళ్లొకరు, మాత్రలు గుర్తుచేసేవాళ్లొకరు. ఆయన క్రమశిక్షణను అందరూ మెచ్చుకుంటారు. ఆ క్రమశిక్షణలో సగం అమ్మ చేతుల మీదుగా జరిగిందని ఎవరికీ తట్టదు. అదే అమ్మకు వస్తే? అందరికీ అన్నం, తనకు మాత్రం రాగి సంగటి విడిగా కెలుక్కోవాలి. నడకకు వెళ్లాలన్న ఆరింటికే క్యారియర్లు సర్దాలి. నాలుగు రోజులకు మానేస్తే ‘నీకు శ్రద్ధ లేదు’ అంటారు. ఆమెకు కావలసింది శ్రద్ధ గురించి ఉపన్యాసం కాదు, పొద్దున అరగంట. ఆ అరగంట క్యారియర్లు ఎవరు సర్దుతారో ఈ ఆదివారమే ఇంట్లో తేల్చుకోండి. సంగటి ఒక్కరికి కాకుండా అందరికీ చేస్తే ఇంకా తేలిక.

విసుగొచ్చి మానేసేవాళ్లు కొందరైతే, బాగుందనిపించి మానేసేవాళ్లు ఇంకొందరు. నిజానికి రెండోది ఎక్కువ ప్రమాదం. బీపీ 130కి దిగగానే మాత్ర ఆపేస్తారు. దిగింది ఆ మాత్ర వల్లేనని మరచిపోతారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రిగా మొదలై వందేళ్లు దాటిన ఆసుపత్రి ఉంది. మందులు లేని ఆ రోజుల్లో రోగులు మంచి గాలి, తిండి, విశ్రాంతి నమ్ముకుని నెలల తరబడి అక్కడే ఉండేవాళ్లు. ఇప్పుడు మామూలు క్షయకు ఆరు నెలల మందులతో నయమవుతుంది, అవీ ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. చిక్కల్లా, కొన్ని వారాలకే దగ్గు, జ్వరం తగ్గి ఆకలి పుడుతుంది. రోగి దృష్టిలో జబ్బు పోయింది. క్రిములు మాత్రం ఇంకా లోపలే ఉంటాయి. అక్కడ ఆపేసినవాళ్లకు జబ్బు తిరగబెట్టవచ్చు, ఈసారి ఆ మందులకు లొంగకపోనూవచ్చు. ఏ మందైనా ఆపాలో వద్దో తేల్చాల్సింది మీకు ఎలా ఉందన్నది కాదు, డాక్టర్‌ చూసే పరీక్ష.

పరీక్షల మాట వచ్చింది కాబట్టి చివరిగా ఇదొకటి. రోజూ కాటా ఎక్కి దిగులుపడకండి. నీళ్లు తాగినా, ఊరగాయ తిన్నా ముల్లు కదులుతుంది. షుగర్‌కైతే హెచ్‌బీఏ1సీ పరీక్ష సుమారు మూడు నెలల సగటును చెబుతుంది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే అంచున ఉన్నట్టు. ఇవాళ చేయించుకుంటే ఆ రిపోర్టు తేదీ నుంచి మూడు నెలలు లెక్కపెట్టి క్యాలెండర్‌ మీద గుర్తు పెట్టండి. మధ్యలో ఎన్ని పెళ్లిళ్లు ఉన్నాయో, పిల్లల పరీక్షలు ఎప్పుడో కూడా అప్పుడే చూసుకుని, ఆ వారాలకు పది నిమిషాలు ఎక్కడ దొరుకుతాయో పక్కనే రాసుకోండి. నడుస్తున్నప్పుడు ఛాతీలో బరువుగా ఉన్నా, ఎన్నడూ లేనంత ఆయాసం వచ్చినా మాత్రం ఆ రోజు నియమం పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.